మాస్టారు పాఠం బాగుచేసిన రోజు

బ్లాగు మాస్టారని వీధంతా పిలుస్తుందే గానీ, పాఠం చెప్పే ఉద్యోగం ఆయనకు ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు. బ్లాగు రంగులూ, అక్షరాల సైజులూ స్టైల్‌షీట్ అనే ఫైల్లో ఎలా మార్చుకోవాలో ఇంటర్నెట్లో కొన్నేళ్ల కిందట ఒక పాఠం రాసి పెట్టారు. అది చూసి ఉద్యోగం సంగతి మధ్యాహ్నానికి తేలుస్తామని ఒక శిక్షణ సంస్థ డైరెక్టరు కబురు పెట్టారు. ఇదీ పోతే బావమరిది సిమెంటు కొట్లో కూర్చోవాల్సిందే.

అందుకని పొద్దున్నే కాఫీ కూడా ముట్టకుండా పాఠానికి మెరుగులు దిద్దడానికి కూర్చున్నారు.

"బాగానే ఉందిగా, దాన్నెందుకు కెలుకుతారు?" అంది భార్య.

"ఏం బాగు? ఏ లైను మారిస్తే ఏం మారుతుందో కొట్టొచ్చినట్టు కనపడాలి!"

కొట్టొచ్చినట్టే కనపడింది. పాఠానికి జతచేసిన నమూనా ఫైల్లో వెనక రంగును నెత్తుటి ఎరుపు చేశారు. ఫొటోలు దాచడమెలాగో చూపడానికి ఫొటోలన్నీ దాచేశారు. తృప్తిగా స్నానానికి వెళ్లారు.

ఒంటిమీద నీళ్లు పడ్డాయో లేదో ఫోన్ మోగింది. బట్టలు కుట్టి బ్లాగులో పెట్టి అమ్ముకునే వదినగారు.

"మరిదిగారూ, నా బ్లాగు తగలబడిపోయింది! ఒక్క గౌనూ కనపడ్డంలేదు!"

ఆవిడను సముదాయిస్తుండగానే, మాస్టారి పాఠం చూసే తన సైటు దిద్దుకున్న పళ్ల డాక్టరు ఫోన్ చేశారు. "ఏంటండీ ఇది? నా సైటు తెరిస్తే రక్తం! పేషెంట్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతున్నారు."

మాస్టారికి అప్పుడు వెలిగింది. 'ముందు నా ఫైలు అడ్రసు మీ బ్లాగులో పెట్టి చూడండి' అని పాఠం మొదట్లో రాశారు. 'ఇప్పుడు ఫైలును కాపీ చేసుకుని నా అడ్రసు తీసెయ్యండి' అని చివర్లో రాశారు. రంగు రాగానే జనం చదవడం ఆపేశారు. బ్లాగులన్నీ ఇన్నేళ్లుగా ఆయన ఫైలునే పట్టుకు వేలాడుతున్నాయి. తన పాఠం చివరిదాకా చదివిన మానవుడు ఒక్కడూ లేడని తెలిసి ఆయన గుండె చెరువైంది.

తడి చేతులతో పాతది తిరిగి పెట్టబోయి, ఉన్నది కాస్తా చెరిపేశారు. ఎరుపు పోయింది. దాంతోపాటు ఫొటోల సైజులూ, వరసలూ కూడా పోయాయి.

"మరిదిగారూ, గౌన్లు వచ్చాయి. ఒక్కోటీ గోడంత ఉంది!"

"రక్తం పోయిందండీ," అన్నారు డాక్టరు నీరసంగా. "స్క్రీను నిండా ఒక్కటే పన్ను. పిల్లలు జడుసుకుంటున్నారు."

మూడో ఫోన్ డైరెక్టరుది. "మాస్టారూ, మా సంస్థ సైటు పొద్దున ఎర్రబడింది, ఇప్పుడేమో బట్టలిప్పుకుని నిలబడింది. ఆరా తీస్తే మీ ఫైలు దగ్గర తేలింది."

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. ఉద్యోగానికి నీళ్లొదిలేసుకున్నారు.

"తప్పయిపోయిందండీ. పాతది ఇప్పుడే పెట్టేస్తాను. ఇక నా మొహం మీకు చూపించను."

"అదేం కుదరదు. రేపే వచ్చి ఉద్యోగంలో చేరండి."

"పాఠాలు చెప్పడానికేనా?" మాస్టారు కుర్చీలోంచి లేచారు.

"అయ్యయ్యో, పాఠాల జోలికి మాత్రం పోకండి! మా సైటు చేసినాయన ఎప్పుడో మానేశాడు. మీ ఫైల్నుంచి దాన్ని విడదీయడం ఇక్కడెవరికీ చేతకాదు. మిమ్మల్ని బయట వదిలేస్తే మళ్లీ ఎప్పుడు బాగుచేస్తారోనని నాకు నిద్రపట్టదు. దాన్ని ముట్టుకోకుండా నా కళ్లెదుట కూర్చోండి, చాలు."

పాత ఫైలు పెట్టేసి మాస్టారు కళ్లొత్తుకున్నారు. నలుగురికీ చదువు చెప్పాలన్న కోరిక ఈ జన్మకు తీరేలా లేదు.

"ఏమన్నారు?" అంది భార్య.

"ఏ పనీ చెయ్యకుండా కూర్చుంటే నెలనెలా జీతమిస్తారట."

"నయం," అంది ఆవిడ. "ఇన్నాళ్లూ ఆ పని ఊరికే చేశారు."