నిర్ణయాలన్నీ గేటు యాప్‌కే

మనిషికి సొంత నిర్ణయమంత తలనొప్పి ఇంకొకటి లేదు! ఆ తలనొప్పికి మందు శంషాబాద్ దగ్గరి సాతంరాయిలో, మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర దొరికింది. దాన్ని యాప్ అంటారు.

ఒకప్పుడు గేటుకు ఎవరొచ్చినా వాచ్‌మన్ కుర్మయ్య ముఖం చూసి, మంచివాళ్లో కాదో తేల్చేవాడు. పాపం, ఒక్క మనిషికి ఎంత భారం! ఇప్పుడు అతను యాప్‌లో వచ్చినవాళ్ల పేరు కొడితే చాలు, మన ఫోన్ మోగుతుంది. ‘రానివ్వు’ పచ్చ, ‘వద్దు’ ఎరుపు. ఒకే రోజు మూడు ఎరుపులు పడితే వారం దాకా ఆ మనిషికి గేటు మూత. మంచీ చెడూ ఇంత తేలిగ్గా విడదీసిన వేదాంతి ఎవరైనా ఉన్నారా?

గురువారం మధ్యాహ్నాలు మేం నలుగురు ఆడవాళ్లం మా ఇంట్లో కూర్చుని ఒక పాత నవల చదువుతున్నాం. అందులో కథానాయకుడి తలుపును వానలో శత్రువు తడతాడు. తియ్యాలా, వద్దా? నలభై పేజీలు నలిగి, చివరికి తియ్యడు. మా యాప్ ఉంటే నలభై సెకన్ల పని! రచయితకు కాగితం, మాకు కళ్లు మిగిలేవి.

పోయిన గురువారం దాని మీదే వాదన.

“వాని రాత గట్లుంది. ఏం జేస్తడు?” అంది పై అంతస్తు ఫరీదా.

“ఏం జేస్తడేంది? గడియ వాని చేతిలనే ఉండె గద!” అన్నాను.

ఇంతలో విమానం. అది దాటేదాకా పేజీలో వేలు పెట్టుకుని నోరు మూసుకోవడం శంషాబాద్ వైపు పాఠకుల ఆచారం. మళ్లీ మొదలుపెట్టామో లేదో, నా ఫోన్ మోగింది. చూడకుండానే ఎరుపు నొక్కాను. మళ్లీ మోగింది, మళ్లీ నొక్కాను. మూడోసారీ అంతే. మనిషి స్వేచ్ఛ గురించి మాట్లాడుతుంటే మధ్యలో ఈ కొరియర్లేమిటి?

వాదన నేనే గెలిచాను.

కిందికి దిగితే గేటు బయట ఎండలో దుర్గవ్వ! కొత్వాల్‌గూడ నుంచి వచ్చి మా ఇంటితో కలిపి నాలుగిళ్లు తుడుస్తుంది.

“నా చేతుల ఏముందక్కా? మూడు ఎరుపులు పడ్డయి. ఇగ వారం దాంక రానియ్యొద్దంటుంది యాప్,” అన్నాడు కుర్మయ్య.

వారం రాకపోతే ఆ నాలుగిళ్లలో ఆమె పనికి ఇంకొకరు చేరినట్టే. అయినా దుర్గవ్వే నన్ను ఓదార్చింది.

“నువ్వు వద్దంటవా బిడ్డా? గా ఫోనే గట్ల జేసింది.”

“అవును దుర్గవ్వా, ఫోనే,” అన్నాను. చూశారా, ఆ యాప్ నన్నెంత మంచిదాన్ని చేసిపెట్టిందో!

“తాళం తీపియ్యాలంటే నువ్వే కారణం నొక్కాలక్కా,” అన్నాడు కుర్మయ్య.

తెర మీద రెండే కారణాలు. ‘యాప్ లోపం’ నొక్కితే కమిటీ విచారణ, అదొక వారం. ‘నా పొరపాటు’ నొక్కితే గేటు వెంటనే తెరుచుకుంటుంది. కాకపోతే నా ఫ్లాట్ నంబర్‌తో సహా ఆ సంగతి అందరి ఫోన్లకూ వెళ్తుంది. ఫరీదా ఫోన్‌కు కూడా!

పైన మళ్లీ విమానం. అది దాటేదాకా ఫోన్ మీద వేలు ఆపి నిలబడ్డాను. ఆ తర్వాత రెండోది నొక్కాను.

దుర్గవ్వ మెట్లెక్కక ముందే ఫరీదా మెసేజ్ దిగింది: “గడియ నీ చేతిలనే ఉండె గద!”

యాప్ తయారుచేసినవాళ్లకు నా ఫిర్యాదు ఒక్కటే. నిర్ణయాలన్నీ మీరే తీసుకుంటారని ఇంత నమ్మకం పెట్టుకుంటే, ఆ పచ్చ, ఎరుపు మాత్రం నా వేలికెందుకు వదిలేశారండీ?