పళ్ళు కనబడని చిరునవ్వు

ప్రజల్లో నమ్మకం కలగాలంటే ఏ సంస్థకైనా ముందుగా కావలసింది మంచి ఫొటో. నీళ్ళు ఆ తర్వాత. నగర నీటి సరఫరా సంస్థ ఈ సత్యాన్ని కాస్త ఆలస్యంగానైనా గ్రహించి, ఉద్యోగులందరికీ స్టూడియోలో ఫొటోలు తీయించి గోడలకెక్కించాలని తీర్మానించింది. అందుకోసం ముఖ సంసిద్ధతా విభాగం అని ఒకటి పెట్టి, దానికో అధికారిని వేసింది. (ఆయన అంతకుముందు పైపుల విభాగంలో ఉండేవారు. పైపుల్ని ఇప్పుడెవరూ చూడటం లేదు.)

మొదటి ఫొటో కౌంటరమ్మది కావాలన్నారు. ఫిర్యాదుల కిటికీ వెనక ఏళ్ళ తరబడి కూర్చుంటున్న ఆవిడకి సొంత పేరొకటి ఉన్నా ఊరంతా అలాగే పిలుస్తుంది. ఆవిడ పని చేసే తీరు ఏమంత ఆధునికం కాదు. ఎవరైనా వచ్చి మా వీధిలో నీళ్ళు రావడం లేదంటే, వాల్వులు తిప్పే అతనికి ఫోన్ చేసి, కుళాయిలో చుక్క పడేదాకా అతన్ని వదిలేది కాదు. నీళ్ళు వచ్చేవి. ఈ మొత్తం వ్యవహారంలో ముఖం ప్రమేయం ఎక్కడా లేకపోవడం అధికారిని కలచివేసింది.

ఆయన కౌంటరమ్మని పిలిచి నియమాలు వివరించారు. పళ్ళు కనబడితే, ఫిర్యాదుకొచ్చినవాళ్ళు తమని వెక్కిరిస్తున్నామనుకుంటారు. పెదాలు బిగిస్తే ఏదో దాస్తున్నామనుకుంటారు. కాబట్టి పళ్ళు కనబడకూడదు, కానీ ఉన్నట్టు తెలియాలి. కళ్ళలో సానుభూతి ఉండాలి, మాట ఇచ్చినంతగా మాత్రం ఉండకూడదు. నవ్వు సహజంగా ఉండాలి కనుక వారం పాటు సాధన చేయాలి. జనంతో మాట్లాడితే నుదుటి మీద గీతలు పడతాయి కనుక ఆ వారమంతా కిటికీ మూసేస్తారు. నెలాఖరులోగా ఫొటోకి ఆమోదం రాకపోతే ఆ కుర్చీకి తగిన ముఖాన్ని ఇంకెక్కడైనా వెతుక్కుంటారట.

కౌంటరమ్మ సరేనని తలూపింది. ఆ కుర్చీ అంటే ఆవిడకి ప్రాణం.

ఆ రాత్రి భోజనాల దగ్గరే సాధన మొదలైంది. అత్తగారు కాసేపు తేరిపార చూసి, కొడుకుని వంటింట్లోకి పిలిచి, దాన్ని ఏమన్నా అన్నావా అని గొంతు తగ్గించి అడిగింది. అతను మందుల షాపులో పనిచేస్తాడు. ఏమీ అనలేదని తల్లికి చెప్పి, భార్యని ఏమీ అడక్కుండానే గ్లాసుడు నీళ్ళూ ఒక గ్యాస్ మాత్రా తెచ్చి కంచం పక్కన పెట్టాడు. కూతురు మాత్రం తల్లి చూపు తట్టుకోలేక తల దించుకుంది.

"అమ్మా, లెక్కల పరీక్ష తప్పానని నీకెవరు చెప్పారు?" అంది.

ఎవరూ చెప్పలేదు. (వారం సాధన వల్ల కలిగిన ప్రయోజనం ఇదొక్కటే.)

ఫొటో రోజున సంస్థ తరఫున కోటు ఇచ్చారు. అందరికీ ఒకటే కోటు. దాన్ని భారీకాయుడైన ప్రధాన ఇంజనీరు కొలతలకి కుట్టించారు కనుక, బక్కపల్చటి వాళ్ళకి వెనకనుంచి బట్టలారేసే క్లిప్పులతో బిగిస్తారు. వెనకభాగం ఫొటో పరిధిలోకి రాదు. మేకప్ అమ్మాయి కౌంటరమ్మ కళ్ళ కింది నలుపంతా పోగొట్టింది. మరీ అంత హాయిగా కనబడితే జనానికి ఒళ్ళు మండుతుందని అధికారి అభ్యంతరం చెప్పడంతో, కొంత నలుపు మళ్ళీ పూసింది.

దీపాలు వెలిగాయి. గడ్డం ఎత్తమన్నారు, దించమన్నారు. సరిగ్గా అప్పుడే ఆవిడ ఫోన్ మోగింది.

అవతల ఒక పెద్దాయన. మూడో అంతస్తులో ఉంటాడు, భార్య మంచం మీద ఉంది. నీళ్ళు లేక పక్క వీధినుంచి మోసుకొస్తున్నాడు. కిటికీ మూసి ఉండటంతో పాలతన్ని అడిగి ఈ నంబరు సంపాదించాడట. విసిగిస్తున్నందుకు రెండుసార్లు క్షమించమన్నాడు.

"ఆవిడకి ఒళ్ళు తుడుద్దామన్నా నీళ్ళు లేవమ్మా," అన్నాడు.

"మీరింక బకెట్లు మోయకండి బాబాయిగారూ. కుళాయి తిప్పి పెట్టుకుని కూర్చోండి."

అధికారి చెయ్యి ఊపుతున్నా చూడకుండా ఆవిడ వాల్వులతనికి ఫోన్ కలిపింది. కిటికీ మూసేశారు కదక్కా, ఊళ్ళో అందరికీ నీళ్ళు వస్తున్నాయేమో అనుకున్నానన్నాడతను.

"తమ్ముడూ, ఆ టీ గ్లాసు కింద పెట్టు. నువ్వు వాల్వు దగ్గరికి చేరేదాకా నేను ఫోన్ పెట్టను. నడుస్తున్న చప్పుడు నాకు వినబడాలి."

దీపాల మధ్య ఆవిడ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. క్లిప్పులు ఒక్కొక్కటే ఊడిపడ్డాయి, నుదుట చెమట పట్టింది. ఇంకాసేపటికి పెద్దాయన మళ్ళీ చేశాడు. ఫోన్‌ని బకెట్ దగ్గర పెట్టినట్టున్నాడు, నీళ్ళు పడుతున్న మోత మాత్రం వినిపించింది. కౌంటరమ్మ ఫక్కున నవ్వింది. ఫొటోగ్రాఫర్ ఎవరూ చెప్పకుండానే ఆ క్షణంలో మీట నొక్కాడు.

చిరునవ్వు పరిశీలక సంఘం ఆ ఫొటోని తిరస్కరించింది. పళ్ళు కనబడటం చిన్న విషయమే, సర్దుకోవచ్చు. కానీ ఫొటోలో ఉద్యోగి పనిచేస్తున్నట్టు కనబడుతోంది. అది గోడకెక్కితే మిగతా ఉద్యోగుల మీద కూడా లేనిపోని ఆశలు పుడతాయి. ఆవిడ మళ్ళీ క్లిప్పులు పెట్టించుకుని, నేర్చుకున్న నవ్వు నవ్వింది. ముఖంలో ఎక్కడా ఏ ఉద్దేశమూ లేదని అధికారి మెచ్చుకున్నారు. సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది.

పనికిరాదన్న ఫొటోని కౌంటరమ్మ అడిగి ఇంటికి తెచ్చుకుంది. అత్తగారు దాన్ని వెలుతురులో పెట్టి చూసి, "మాత్ర పనిచేసిందిరా," అని కొడుకుతో చెప్పింది.

ఆమోదించిన ఫొటోని నిలువెత్తున అచ్చు వేయించారు. అంత పెద్ద ఫొటోకి ఫిర్యాదుల కిటికీ తప్ప వేరే చోటు దొరకలేదు. కిటికీ మీదే బిగించారు. ఇచ్చిన మాట ప్రకారం కుర్చీ మాత్రం ఆవిడదేనని, కుర్చీతో సహా ఆవిడని వెనక గదిలోకి మార్చారు. అక్కడ ఫోన్‌కి సిగ్నల్ అందదు. అవతల జనం వచ్చి, ఫొటో ముందు కాసేపు నిలబడి, వెళ్ళిపోతున్న అడుగుల చప్పుడు మాత్రం గోడలోంచి వినబడుతూ ఉంటుంది.

ఆ నెలలో ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. నీళ్ళ విషయంలో ప్రజలు ఇంత తృప్తిగా మునుపెన్నడూ లేరని సంస్థ సంచాలకులు ప్రకటించారు.