తువ్వాలు కింద బేరం

దాసమ్మ నడవలో కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. చేతులు కాయల్లో ఉన్నా కళ్ళు ఎదురు గోడ మీదే ఉన్నాయి. పాత టీవీ చెడిపోయి ఖాళీ పడిన ఆ గోడలో ఆమెకు సముద్రం కనిపిస్తోంది. సముద్రాన్ని ఆమె పాత టీవీలోనే చూసింది. అందులో నీళ్ళూ, మనుషులూ అన్నీ గోరింటాకు ముద్ద రంగే.

"లెయ్ మే, హిందూపురం పోదాం. ఊర్లో యాడా లేనంత పెద్ద టీవీ తెస్తా. పొద్దు గుంకితే వీధంతా మనింట్లోనే ఉండల్ల," అన్నాడు ఆమె మొగుడు, గొర్రెల కదిరప్ప.

"అందరికీ టీలెవరు కాయల్ల? పొయ్యికాడ నుంచి నాకు కనిపించేది వాళ్ళ వీపులేనా?"

"నువ్వు వినుకోవచ్చులే."

హిందూపురం టీవీల అంగడి గోడ మీద నిజంగానే సముద్రం ఉంది, నీలంగా. అల ముందుకొచ్చింది. దాసమ్మ చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి పట్టుకుంది.

ఈలోగా కదిరప్ప బేరంలో దిగాడు. సంతలో పొట్టేలు బేరం నోటితో ఆడరు. పక్కవాడు వింటే ఎగరేసుకుపోతాడు. చేతుల మీద తువ్వాలు కప్పి, వేళ్ళు పట్టి చెప్పుకుంటారు. కదిరప్ప తువ్వాలు తీసి, అంగట్లో కొత్తగా చేరిన శ్రీకాంత్ చేతి మీద కప్పి, నాలుగు వేళ్ళు గట్టిగా పట్టాడు. నాలుగు వేలు తగ్గించమని.

శ్రీకాంత్ ఉలిక్కిపడి, అర్థమైనట్టు నాలుగు వేళ్ళు పైకెత్తి చూపించాడు.

కదిరప్ప వాటిని చటుక్కున ముడిచేశాడు. "ఊరికంతా చూపిస్తావేమబ్బా? తల ఊపు, చాలు. సామాను ఇంటికాడ దించినాక లెక్క చూసుకుందాం."

శ్రీకాంత్ తల ఊపాడు. చేరిన వారంలోనే ఇంత వ్యాపారం! వాడి కళ్ళు చెమర్చాయి.

మధ్యాహ్నం వ్యాను వచ్చి వాకిట్లో నాలుగు పెట్టెలు దించింది.

కదిరప్ప నోరు తెరిచేలోగా వీధి మూగింది. "ఏమప్పా కదిరప్పా, మాగ్గూడా తెప్పించినావా?" అన్నాడు ఎదురింటి ఈరన్న.

వీధి ముందు పొరపాటు ఒప్పుకుంటే పరువేం కావాలి? కదిరప్ప దగ్గాడు. "మీకు గాకుంటే ఇంకెవరికప్పా?"

"మారాజువి! నెలనెలా కంతులు మేమే కట్టుకుంటాంలే," అని ఈరన్న ఒకటి, కుళ్ళాయమ్మ ఒకటి, నారాయణప్ప ఒకటి మోసుకుపోయారు. మిగిలినదాన్ని వ్యాను మనిషి గోడకు బిగించాడు.

సాయంత్రం కదిరప్ప నడవంతా చాపలు పరిచి, పెద్ద గిన్నెతో టీ పెట్టించాడు. ఎవరూ రాలేదు. మూడిళ్ళ నుంచి మూడు టీవీల మోత మాత్రం వచ్చింది.

దాసమ్మ పొయ్యి ఆర్పేసి, వచ్చి చాప నడుమ కూర్చుంది. గోడ నిండా నీలం పరుచుకుంది. వెన్నెల్లో తడిసినట్టున్న ఆ అలలు ఆమె కాళ్ళదాకా వచ్చి, వెనక్కి పోయి, మళ్ళీ వచ్చాయి.

"కూచో రాయ్యా. నీళ్ళు ఎంత దూరముండాయో చూడు," అంది కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, అటే చూస్తూ.

కదిరప్ప ఖాళీ చాపల వైపు చూశాడు. తువ్వాలు భుజాన వేసుకుని వీధి దాటాడు.

ఎదురింట్లో ఈరన్న భార్య టీ గిన్నెలో ఇంకో గ్లాసు నీళ్ళు పోసింది.