పదమూడో పేరు

చంద్రరావు గారు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి బీమా ఏజెంటు సురేష్‌బాబు వస్తాడు, పదకొండుకల్లా కాగితం పూర్తవుతుంది, నాలుగింటికి అరటి గెలల లారీ బయల్దేరుతుంది. రావులపాలెంలో భార్య అమ్మణ్ణి పేరున్న బోర్డు కింద ఆయన గెలల వ్యాపారం పాతికేళ్లుగా సాగుతోంది గానీ, పెద్ద కంపెనీకి సరుకు పంపడం ఇదే మొదలు. ఆ కంపెనీ వాళ్లు ఒక మెలిక పెట్టారు. కూలీలకు ప్రమాద బీమా లేని యార్డు నుంచి ఒక్క గెల కూడా దించుకోరట. ఈ లోడు తప్పితే మళ్లీ పిలవరు.

కాగితానికి కావలసినవి జట్టులోని పన్నెండు మంది పేర్లు, వాళ్ల మీద ఆధారపడినవాళ్ల పేర్లు, సంతకాలు. అయితే బోణీ వేళ యార్డులో ప్రమాదం అన్న మాట వినపడితే చంద్రరావు గారికి రోజంతా ఎడమకన్ను అదురుతుంది. అందుకని కాళ్లు విరగడాల సంగతి నోట రానివ్వకుండా, జట్టు మేస్త్రి లోవరాజును పిలిచి అందరి పేర్లూ ఇంటిల్లిపాదితో సహా రాసుకురమ్మన్నారు.

"ఎందుకండీ?" అన్నాడు లోవరాజు.

"మీ అందరి మంచికేలే. రాసుకురా."

ఇంటిల్లిపాది పేర్లు, పైగా మంచికి. లోవరాజుకు ఇంకేం చెప్పనక్కర్లేదు. కొత్త లోడు సందర్భంగా అయ్యగారు అందరి పేరునా కోరుకొండ నరసింహస్వామికి అర్చన చేయిస్తున్నారన్నమాట. అడక్కపోయినా గోత్రాలు కూడా రాశాడు. గోత్రం తెలియనివాళ్లకు ఉదారంగా తన గోత్రమే ఇచ్చాడు. కొందరు అత్తగార్లను రాయించారు, ఒకడు కొత్తగా కొన్న గేదెను రాయించాడు. ఈలోగా కబురు ఫోన్లలో ఇళ్లకు చేరింది.

పదింటికి రావలసిన ఏజెంటు పన్నెండింటికి వచ్చాడు. ఆయన వెనకే నాలుగు ఆటోలు వచ్చాయి. వాటిలోంచి తలంట్లు పోసుకుని, పట్టుచీరలు కట్టుకుని, కొబ్బరికాయలు పట్టుకుని ఆడవాళ్లు దిగారు. లోవరాజు భార్య వీరవేణి పిల్లల్ని లారీ ఎక్కించి, గెలల కోసం పరిచిన ఆకుల మీద వరసగా కూచోబెట్టింది. లారీ డ్రైవరు కొండకు దారి ఎటని అడుగుతున్నాడు.

సురేష్‌బాబు జాబితా అంతా చదివాడు. "సార్, గేదెకి కవరేజీ రాదండి," అన్నాడు.

అర్చనకు ఏజెంటు ఎందుకని వీరవేణి అడిగింది. ఆయన ఉద్యోగధర్మం కొద్దీ వేలు తెగితే ఎంత, కాలు పోతే ఎంత, మనిషే పోతే ఇంటివాళ్లకు ఎంత వస్తుందో ఏకరువు పెట్టాడు. కొబ్బరికాయలు పట్టుకున్న చేతులన్నీ కిందికి దిగిపోయాయి.

"అంటే మా ఆయనకి ఏదో అవుతుందని మీకు ముందే తెలుసన్నమాట. అందుకే పేర్లు రాయించారా బాబుగారూ?" అంది వీరవేణి.

పనిలో దెబ్బ తగిలితే యజమానే బాధ్యుడని చట్టం ఉందనీ, ఇది వాళ్ల రక్షణకేననీ చంద్రరావు గారు ఎంత చెప్పినా లాభం లేకపోయింది. మంచి మాటైతే పొద్దున్నే చెప్పేవారు కదా అన్నారు ఆడవాళ్లు. పన్నెండు మందీ తలపాగాలు విప్పి గట్టు మీద కూచున్నారు. సంతకాలూ లేవు, లోడింగూ లేదు.

మూడు దాటింది. పాతికేళ్లకు వచ్చిన అవకాశం కళ్లముందే జారిపోతోందని చంద్రరావు గారికి దిగులు పట్టుకుంది. దిగులు ముదిరి పౌరుషమైంది. పంచె ఎగగట్టి, ఇందులో భయమేముందో చూడమంటూ ఉన్నవాటిలో పెద్ద గెలను భుజానికెత్తి, లారీకి వేసిన చెక్క మీద రెండడుగులు వేశారు. మూడో అడుగు అరటాకు మీద పడింది. గెలను మాత్రం నేల తాకనివ్వలేదు. నడుం పట్టేసి, వంగినవారు వంగినట్టే ఉండిపోయారు.

అందరూ పరుగున వచ్చి ఆయన్ను బల్ల మీద బోర్లా పడుకోబెట్టారు. ఈయనకు డబ్బులొస్తాయా అని వీరవేణి ఏజెంటును అడిగింది. పాలసీ కూలీలకే గానీ యజమానికి కాదనీ, జాబితాలో ఆయన పేరే లేదనీ సురేష్‌బాబు చెప్పాడు.

వీరవేణి జాబితా వైపు చూసింది. కాగితం మీద పేర్లున్న పన్నెండు మందీ క్షేమంగా ఉన్నారు. పేరు లేని మనిషి ఒక్కరే పడ్డారు.

"ఏవయ్యా, ముందు నువ్వు పెట్టు సంతకం," అంది మొగుడితో.

పావుగంటలో సంతకాలు అయిపోయాయి. అత్తగార్లు వేలిముద్రలకు వరస కడితే సురేష్‌బాబు బతిమాలి పంపాల్సి వచ్చింది. కొబ్బరికాయలు లారీ ముందు కొట్టారు. నాలుగున్నరకు లోడు కదులుతుంటే చంద్రరావు గారికి నొప్పిలోనూ ప్రాణం లేచొచ్చింది.

యజమాని గడి నింపుదామని యార్డు లైసెన్సు తీసిన సురేష్‌బాబు ఆగిపోయాడు. పాతికేళ్ల కిందట పెట్టుబడి పెట్టిన మామగారు దాన్ని కూతురి పేరునే తీయించారు.

"సార్, ఓనరు అమ్మణ్ణి గారండి. అంటే మీరిక్కడ పనిచేసేవారేనండి. మిమ్మల్నీ రాసేయొచ్చు. ఇవాళ్టి నడుంకి మాత్రం వర్తించదండి."

చంద్రరావు గారు బోర్లా పడుకునే పదమూడో పేరు ఎదురుగా సంతకం పెట్టారు. ఇంట్లో ఎప్పట్నుంచో నడుస్తున్న సంగతే, కాగితం మీదికి రావడం మాత్రం అదే మొదలు.