సున్నా దాటని ముల్లు

తాడేపల్లిగూడెంలో ఉండే పుల్లంశెట్టి ముకుందరావు కారు రోజూ నూటపాతిక కిలోమీటర్లు తిరుగుతున్నా అంగుళం కూడా కదలడం లేదని జూన్ రెండో వారంలో ఖరారైంది. డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది, స్పీడోమీటరు ముల్లు సున్నా మీద కూర్చుంది, స్కానర్ పెట్టి చూస్తే పి0500 అనే కోడ్ వచ్చింది. బండి వేగం తెలియడం లేదని దానర్థం. వేగం లేని బండి కదలనట్టే, కదలని బండిలో కూర్చున్న మనిషి ఎక్కడికీ వెళ్ళనట్టే. ఇందులో ఎవరికీ తప్పు కనిపించలేదు.

ముకుందరావుకు యాభై ఆరేళ్లు. ఒక విత్తనాల కంపెనీలో తనిఖీదారు. ఊరూరా దుకాణాలకు వెళ్ళి, సంచుల మీది తేదీలు చూసి, తనిఖీ పుస్తకంలో దుకాణదారు చేత సంతకం పెట్టించుకోవడం ఆయన పని. కోడ్ వచ్చిన మర్నాడు భీమవరం వెళ్ళాడు. దుకాణం యజమాని సోమేశ్వర్రావు పదేళ్ల పరిచయస్థుడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు, మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని అడిగాడు. సంతకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"మీరు రాలేదు కదండి. రాని మనిషికి నేనెలా సంతకం పెడతానండి?"

"మీ ఎదురుగానే కూర్చున్నాను కదండీ."

"కూర్చున్నారండి, కాదన్నానా? టీ చల్లారిపోతోంది, తాగండి. మీ బండి గూడెంలోనే ఉందని కదలికల రికార్డు చెబుతోంది మరి. నేనేం చెయ్యనండి?"

ముకుందరావు టీ తాగాడు. బయల్దేరనే లేదు కనుక తిరిగి వెళ్ళనక్కర్లేదేమోనని కాసేపు ఆలోచించి, అయినా తిరిగి వెళ్ళాడు.

శుక్రవారం కదలికల నిర్ధారణ కార్యాలయం నుంచి నోటీసు వచ్చింది. ముప్పై రోజుల్లో కోడ్ తీయించుకోకపోతే ఆయన పేరు రాకపోకల జాబితాలోంచి తీసేసి స్థిర వస్తువుల రిజిస్టరులో చేరుస్తారు. అందులో ఇప్పటికే నీళ్ల ట్యాంకులు, విగ్రహాలు, ఆ ఊరి పింఛనుదారుల్లో నాలుగోవంతు మంది ఉన్నారు. ఆ రిజిస్టరులో ఉన్నవాళ్లను పెళ్లిళ్లకు పిలవనక్కర్లేదు, దారిలో కనిపిస్తే పలకరించనక్కర్లేదు, ఏడాదికోసారి దుమ్ము దులిపితే చాలు. ఉద్యోగం పోతుందన్న భయం కంటే ఈ సంగతే ముకుందరావుకు ఎక్కువ బెంగ పెట్టింది. నోటీసు చూపిద్దామంటే ఇంట్లో ఎవరూ లేరు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మెకానిక్ ఏసుపాదం పద్ధతి గల మనిషి. ముందు ఎలకలు వైరు కొరికాయేమో చూశాడు. కొరకలేదు. కనెక్టరు ఊడదీసి తుప్పు గీకాడు. వైరులో కరెంటు వస్తోందని మీటరు పెట్టి తేల్చుకున్నాడు. పాత సెన్సరు విప్పి కొత్తది బిగించాడు. ముల్లు లేవలేదు. చివరికి బండిని జాకీల మీద లేపి, ఇంజను ఆన్ చేసి ముందు చక్రాలను గాల్లో తిప్పాడు. ముల్లు చక్కగా ఇరవై చూపించింది. ముకుందరావును లోపల కూర్చోబెట్టి తిప్పాడు. సున్నా. దింపేసి తిప్పాడు. మళ్లీ ఇరవై.

"బండిలో ఏమీ లేదండి," అన్నాడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ. "లోపం మీ వైపుందండి. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు 'చేరాక ఫోన్ చెయ్యండి' అని ఎవరైనా అంటారాండి?"

"మా ఆవిడ అనేది."

"ఇప్పుడు అనట్లేదాండి?"

"మార్చిలో పోయింది."

ఏసుపాదం జాబ్ కార్డులో 'కారణం దొరికింది' అని రాసుకున్నాడు. సెన్సరు చక్రాన్ని కొంతా, ఆ మాటను కొంతా చూసి వేగం లెక్క కడుతుందని, మార్చిలో మిగిలిన మాటతో బండి జూన్ దాకా ఎలాగో లాక్కొచ్చిందని వివరించాడు. అన్నవాళ్లు నిజంగా ఎదురుచూడాలి, అంతే. వారానికి రెండు మూడు ఇలాంటి బళ్లు వస్తూనే ఉంటాయట. ముకుందరావుకు ఏడుపొచ్చింది. ముప్పై ఏళ్లపాటు ఆ మాటకు ఆయన 'సరేలే' అని విసుక్కుంటూనే గేటు దాటాడు.

ముందు ఏసుపాదమే ప్రయత్నించాడు. "చేరాక ఫోన్ చెయ్యండి బాబూ!" అని మనస్ఫూర్తిగానే అరిచాడు. ముల్లు పన్నెండు దాకా లేచింది. షెడ్డులోకి ఇంకో బండి రాగానే పడిపోయింది. ఎదురింటి వరలక్ష్మి టీవీ చూస్తూ అంది, ఏడు వచ్చింది. హైదరాబాదులో ఉన్న తమ్ముడు "చేరాక గ్రూపులో పెట్టన్నయ్యా" అన్నాడు. ముల్లు కాస్త వణికింది తప్ప లేవలేదు.

ఇరవై తొమ్మిదో రోజున ముకుందరావు ఆటోలో కార్యాలయానికి వెళ్ళాడు. గుమస్తా సుగుణ ఆయన్ను చూడగానే ఒక ఫారం తీసింది.

"ఎవరూ లేనివాళ్ల కోసం మా ఆఫీసే ఎదురుచూస్తుందండి. మగ గొంతా, ఆడ గొంతాండి?"

"ఆడ గొంతు."

"ప్రేమగానా, విసుగ్గానా?"

"కొంచెం విసుగ్గానే అమ్మా."

సాయంత్రానికల్లా డాష్‌బోర్డు కింద చిన్న పెట్టె బిగించారు. మర్నాడు తాళం తిప్పగానే "అబ్బబ్బా, చేరాక ఫోన్ చెయ్యండి, ప్రతిసారీ చెప్పాలా?" అంది పెట్టె. అది ఆవిడ గొంతు కాదు. అయినా రోడ్డెక్కేసరికి ముల్లు అరవైకి లేచింది, పసుపు దీపం ఆరిపోయింది. భీమవరంలో దిగి, ఆఫీసువాళ్లు ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే "మీరు చేరినట్టు నమోదైంది" అన్నారు. సోమేశ్వర్రావు ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఎన్నాళ్లకు వచ్చారండి!" అని సంతకం పెట్టాడు.

ఆగస్టు కల్లా ఆ పెట్టెలు చాలా బళ్లకు వచ్చేశాయి. ఒకరోజు పాలకొల్లు మార్కెట్ యార్డులో కారు ఆపి ముకుందరావు ఫోన్ చేశాడు. "మీ కోసం ఎదురుచూసే వారందరూ ఇతర కాల్స్‌లో ఉన్నారు. దయచేసి లైన్లో ఉండండి" అని సంగీతం మొదలైంది. ఆయన తలెత్తి చూశాడు. యార్డులో పదకొండు కార్లున్నాయి. ఒక్కో కారు పక్కన ఒక్కొక్కరు చెవి దగ్గర ఫోను పెట్టుకుని నిలబడి ఉన్నారు. లైన్లో ఉండగా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే కాల్ రద్దవుతుందని నిబంధన. అందుకని అందరూ ఒకరికొకరు మర్యాదగా తల ఊపుకున్నారు.

పక్క కారు దగ్గరున్నావిడ ఫోనులో వస్తున్న సంగీతానికి తన నడుం నొప్పి గురించి చెబుతోంది. ముకుందరావు ఆవిడకు వీపు తిప్పి నిలబడ్డాడు.

"దారంతా ఒకటే వాన," అన్నాడు ఫోనులో మెల్లగా. "మెల్లిగానే వచ్చాన్లే."