సంస్కర్తకు డీజే సన్మానం

సంఘ సంస్కర్తలకు, రచయితలకు ఏటా అవార్డులిస్తున్న ప్రభుత్వానికి అర్జెంటుగా ఒక అవార్డు ఇవ్వాలి! ఎందుకంటారా? సంస్కర్త నోరు మూయించడానికి లాఠీలెందుకండీ, శాలువా ఉండగా? మెత్తగా ఉంటుంది, దెబ్బ కనిపించదు.

మా పోచయ్య సంగతే తీసుకోండి. మాది ముత్తంగి పక్కన ఊరు. సగం ఊరు రాత్రంతా ఫ్యాక్టరీల్లో పనిచేసి పగలు పడుకుంటుంది. పోయినేడు డీజేల మోతకు పగలు కంటిమీద కునుకు లేక, రాత్రి డ్యూటీలో తూగి, పోచయ్య కొడుకు సందీప్ ప్రెస్ మిషన్ కింద చూపుడువేలు పోగొట్టుకున్నాడు.

అప్పటి నుంచి ఆ ముసలాయన ఇల్లిల్లూ తిరిగాడు. పెళ్లి గానీ, బర్త్‌డే గానీ, పగటిపూట డీజే పెట్టొద్దని కాళ్లావేళ్లా పడి అందరినీ ఒప్పించాడు. ఊరు హాయిగా నిద్రపోయింది. ఎంత అన్యాయం! స్పీకర్లకు బూజు పట్టింది. మొరగడానికి కుక్కలు కూడా మొహమాటపడ్డాయి. అంతలో ప్రభుత్వం కరుణించి పోచయ్యకు సంఘ సంస్కర్త అవార్డు ప్రకటించింది.

సంగారెడ్డిలో సభ జరిగింది. అదే వేదిక మీద ఒక రచయితనూ సన్మానించారు. వక్తలంతా ఆయన పుస్తకాన్ని ఆకాశానికెత్తారు. పుస్తకానికి కట్టిన రిబ్బన్ మాత్రం ఎవరూ విప్పలేదు.

మరి మెడలో అవార్డు బిల్లతో తిరిగొస్తున్న మనిషిని చప్పుడు లేకుండా ఊళ్లోకి రానిస్తారా? ఊరి పరువు పోదూ! మిట్టమధ్యాహ్నం డీసీఎం వ్యాను నిండా స్పీకర్లు ఎదురొచ్చాయి. ‘డీజే వ్యతిరేక యోధుడికి ఘనస్వాగతం’ అని ఫ్లెక్సీ. పోచయ్యను ఎత్తి సరిగ్గా స్పీకర్ల మీదే కూర్చోబెట్టారు. మొదటి దరువుకే కళ్లజోడు జారి కిందపడింది.

“బంద్ జెయ్యుండ్రి బిడ్డా! నైట్ డ్యూటీ పోరలు పండుకున్నరు!” అని చేతులెత్తి మొక్కాడు.

“గట్లంటవేంది తాతా? నీ కోసమే తెచ్చినం. నువ్వే వద్దంటే మేమెవ్వరికి కొట్టాలె?” అన్నాడు యువజన సంఘం ప్రెసిడెంట్ చంద్రకాంత్.

చూశారా, ఎంత అభిమానమో! పోచయ్య భార్య కౌసల్యమ్మకు మాత్రం ఈ మర్యాదలు అర్థం కావు. “గా బిల్ల తీస్కపొయ్యి వాపసియ్యి! నా కొడుకు వేలు తెస్తదా అది?” అని వాకిట్లోంచి అరిచింది. ఆమెకూ ఒక శాలువా కప్పారు.

కనుక పాఠక మహాశయులారా, ఈ పద్ధతి రాష్ట్రమంతా రావాలి. తాగుడు మాన్పించిన వాళ్లకు మందు పార్టీ ఇద్దాం. చెట్లు నాటిన వాళ్లకు, ఫ్లెక్సీకి అడ్డమొచ్చిన కొమ్మలు నరికి మరీ సన్మానం చేద్దాం. చేసిన మంచి ఎంత తొందరగా చెరిగిపోతే, కొత్త సంస్కర్తలకు అంత పని దొరుకుతుంది కదా!

ఊరేగింపు మా గల్లీలోకి మళ్లీ వచ్చింది. కిటికీలు గడగడలాడుతున్నాయి. చెవుల్లో దూది కుక్కుకున్నా నిద్ర పట్టక, లేచి ఇది రాస్తున్నాను. రాత్రికి నాకూ డ్యూటీ ఉంది, సందీప్ పనిచేసిన ఆ ప్రెస్ మిషన్ మీదే.

ఈ వ్యాసం మటుకు పది వేళ్లతోనే టైపు చేశాను.