అల్లుడి కాలికి అడ్డం పెట్టని ఆట

ఇట్లా దగ్గరికి జరగండి. కుర్చీలు చాలకపోతే చాప పరుచుకోండి. ఇది గట్టిగా చెప్పే మాట కాదు. గట్టిగా చెబితే నంద్యాలకు వినబడుతుంది, ఇంకాస్త గట్టిగా చెబితే ఆళ్లగడ్డకు వినబడుతుంది. అప్పుడు రెండు ఊళ్లవాళ్లూ వచ్చి నన్నే రిఫరీగా నిలబెడతారు!

నా మాట ఇదీ: పక్కపక్క ఊళ్లకు ఫుట్‌బాల్ పగ ఉండటం ఆ ఊళ్లు చేసుకున్న పుణ్యం.

నవ్వకండి. ఎక్కడో సముద్రాల అవతల ఆడే క్లబ్బుల కోసం ఇప్పటి పిల్లలు రంగురంగుల చొక్కాలు తొడుక్కుని, సెల్‌ఫోన్లలో తిట్టుకుంటున్నారని తల్లులు నా దగ్గరికొచ్చి ఏడుస్తారు. ఎందుకమ్మా ఏడుపు? తిట్టుకోనివ్వండి! ఆ పగ వల్ల వచ్చే లాభాలు మీకు తెలియవు. నాకు తెలుసు.

నేను ఆళ్లగడ్డలో పుట్టి నంద్యాలకు కోడలిగా వచ్చినదాన్ని. రెండు ఊళ్ల వంటిళ్లలోనూ పొగ మింగినదాన్ని. ఈ విషయంలో నాకంటే చదువుకున్నవాళ్లు ఉంటారు గానీ, నాకంటే విన్నవాళ్లు లేరు.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులు. అప్పట్లో నంద్యాల మగవాళ్లు ఏమనేవాళ్లో తెలుసా? మేం నెమ్మదస్తులం, గెలిస్తే తల వంచుకుని వస్తాం, ఓడితే చేయి కలిపి వస్తాం, ఆ ఆళ్లగడ్డవాళ్లే రాళ్లు చెక్కీ చెక్కీ బండబారిపోయారు అనేవాళ్లు. పుట్టింటికి పోతే, అక్కడి మగవాళ్లు మేం నెమ్మదస్తులం, గెలిస్తే తల వంచుకుని వస్తాం, ఓడితే చేయి కలిపి వస్తాం, ఆ నంద్యాలవాళ్లే రైలుకూత వినీ వినీ గొంతులు పెంచుకున్నారు అనేవాళ్లు.

ఇంతమంది నెమ్మదస్తులు ఒక్కచోట కలిస్తే అన్ని చొక్కాలు ఎట్లా చినిగేవి? ఆ సంగతి మాత్రం సూదీ దారం పట్టుకుని కూర్చున్న మాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇక లాభం సంగతికి వస్తాను. ఈ ఆటకు నియమాలన్నీ తెల్లదొరలు రాసిపెట్టి పోయారు. పాపం, అల్లుడి గురించి రాయడం మరిచిపోయారు!

మా ఆయన నంద్యాల టీముకు సెంటర్ ఫార్వర్డ్. పెళ్లయిన కొత్తలో ఆళ్లగడ్డకు ఆడటానికి వెళ్లాడు. బంతి తీసుకుని పరుగెత్తాడు. ఎదురుగా ఉన్నవాళ్లంతా మా చిన్నాయన కొడుకులూ, మా వీధి పిల్లలూ. కొత్త అల్లుడి కాలికి కాలు అడ్డం పెడతారా? ఎంత అప్రతిష్ఠ! ఒకడు పక్కకు జరిగాడు. ఇంకొకడు బాగున్నావా అని పలకరించి దారి ఇచ్చాడు. గోలుకీపరు ముసలాయన మా నాయనకు స్నేహితుడు, ఆయన భుజం మీది కండువా సర్దుకుంటూ నిలబడ్డాడు. విస్తట్లో వడ్డించినట్టు గోల్స్ పడ్డాయి.

నంద్యాల క్లబ్బువాళ్లు మొద్దులు కాదు. వెంటనే తమ టీములో పెళ్లికాని వాళ్లందరికీ ఆళ్లగడ్డలో సంబంధాలు వెతికారు. ఆళ్లగడ్డవాళ్లకు మాత్రం బుర్ర లేదా? వాళ్లు నంద్యాలలో వెతికారు. పెళ్లిళ్ల పేరయ్యలు వచ్చి మైదానం గట్టు మీద కూర్చునేవాళ్లు. ఆడపిల్లల తండ్రులు పొలం ఎంతుందని అడగడం మానేసి, ఎడమ కాలితో కూడా కొడతాడా అని అడిగేవాళ్లు. కొన్నాళ్లకు రెండు టీముల్లోనూ అందరూ అల్లుళ్లే! ఎవరూ ఎవరినీ ఆపరు. గోల్స్ లెక్క రాసేవాడు సుద్దముక్క అరిగిపోయి ఇంటికి వెళ్లిపోయాడు.

చూశారా పుణ్యం? ఏ దేవుడు కలిపాడు ఇన్ని పెళ్లిళ్లు?

ఇంత చక్కగా సాగుతున్న ఆటను చెడగొట్టినవాడు నా తమ్ముడు మద్దిలేటి.

ముసలాయన తప్పుకున్నాక ఆళ్లగడ్డకు వాడు గోలుకీపరు అయ్యాడు. మంచివాడే గానీ, బంతి కనబడితే వాడికి బావ కనబడడు. ఒకసారి ఆళ్లగడ్డలో మా ఆయనకు పెనాల్టీ వచ్చింది. కొట్టాడు. మద్దిలేటి ఎగిరి, ఆ బంతిని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు గుండెకు హత్తుకున్నాడు.

మా ఆయన అత్తగారింట భోజనం చేయకుండానే బస్సెక్కాడు. అలక!

అప్పటికి నాకు ఆరో నెల. ఏడో నెల రాగానే తొలి కాన్పుకు తీసుకుపోవడానికి మా అమ్మ గాజులూ, చలిమిడీ ఇచ్చి మనుషుల్ని పంపింది. పురిటి గదికి సున్నం కూడా వేయించి పెట్టింది. మా ఆయన అరుగు మీద నుంచి లేవలేదు.

"మద్దిలేటి నా బంతి ఇడిసిపెట్టిన నాడే నా పెండ్లాం ఆళ్లగడ్డకొచ్చేది" అన్నాడు.

మాట ఊరంతా పాకింది. నంద్యాల అది న్యాయమేనంది. ఆళ్లగడ్డ అది అన్యాయమంది గానీ, బంతి వదిలిపెట్టమని మాత్రం మద్దిలేటికి చెప్పలేదు. ఊరి పరువట! పెద్దమనుషులు కూర్చున్నారు, లేచారు, కాఫీలు తాగారు. నా కడుపు మాత్రం ఎవరి తీర్మానం కోసమూ ఆగలేదు. ఎనిమిదో నెల పడితే ప్రయాణం చేయించరు. ఆ నెల పడేలోపు ఇక మిగిలింది ఒక్క ఆట, అదీ నంద్యాలలో.

రిఫరీగా బండి ఆత్మకూరు నుంచి డ్రిల్లు మాస్టరు జ్ఞానప్రకాశాన్ని పిలిపించారు. రెండు ఊళ్లలోనూ చుట్టాలు లేని మనిషి ఆయనొక్కడే దొరికాడు. నేనూ మా అత్త కమలాక్షమ్మా గట్టు పక్కన ఎద్దులబండిలో కూర్చున్నాం.

మద్దిలేటి పుణ్యాన అల్లుళ్ల మర్యాదలు అప్పటికే రెండు వైపులా బందయ్యాయి, చివరిదాకా ఒక్క గోలూ లేదు. ఆఖర్లో నంద్యాలకు పెనాల్టీ. మా ఆయన బంతి ముందు నిలబడ్డాడు. మద్దిలేటి బండి వైపు చూశాడు, నా కడుపు వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా గోలు వదిలి గుంజ పక్కకు పోయి చేతులు కట్టుకున్నాడు.

"ఏస్కో బావా. మా యక్క ఇంటికి రావల్ల."

ఖాళీ గోలు! ఊదితే పడుతుంది. మా ఆయన కాలు లేవలేదు.

"నిలబడు" అన్నాడు.

"నిలబడను."

"నువ్వు నిలబడితేనే కొడతా."

"నిలబడితే ఆపుతా బావా. అది నా చేతుల్లో లేదు."

జ్ఞానప్రకాశం ఈల ఊదాడు, మళ్లీ ఊదాడు, ఆయాసమొచ్చి కూర్చున్నాడు. జనం మైదానంలోకి దిగారు. ఇచ్చిన గోలు కూడా తీసుకోని మర్యాద మాదని నంద్యాల అంది. అడక్కుండానే గోలు ఇచ్చిన మర్యాద మాదని ఆళ్లగడ్డ అంది. ఎవరి మర్యాద పెద్దదో తేల్చుకోవడానికి ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు!

మా అత్త కాసేపు చూసి బండి దిగింది.

"ఈళ్ల మర్యాద తెల్లారేదాకా తెగదు. ఆళ్లగడ్డ బస్సు ఆడుంది, పామ్మే" అంది.

ఆ టీము తెచ్చుకున్న బస్సది. డ్రైవరు గురవయ్య, రెండు ఊళ్లలోనూ ఆటంటే గిట్టని ఒకే ఒక్క మగవాడు, సీట్లో నిద్రపోతున్నాడు. తట్టి లేపితే, ఆట అయిపోయిందా అమ్మా అని అడిగాడు.

"అయిపాయ. పోనీ" అంది మా అత్త.

ఖాళీ బస్సులో మహారాణుల్లా కూర్చున్నాం. బస్సు కదిలాక వెనక్కి చూస్తే దుమ్ములో మా ఆయనా, మద్దిలేటీ పరుగెత్తుకొస్తున్నారు. వాళ్లిద్దరూ ఒకే వైపు పరుగెత్తడం అదే మొదటిసారి. అందుకోలేదు.

మరి పగ లేకపోతే ఆ బస్సు నాకు ఖాళీగా దొరికేదా? చెప్పండి!

ఈ ముచ్చట గుర్తుపెట్టుకుని మీ పిల్లలకు చెప్పండి. నంద్యాలలోనైనా, ఆళ్లగడ్డలోనైనా, ఊళ్ల పేర్లు అటూ ఇటూ అయినా ఫరవాలేదు, ఎవరూ కనిపెట్టరు. అయితే ఒక్క మాట. ఇన్నేళ్లుగా నేను ఇది ఎవరికి చెప్పినా, చివర్లో అందరూ అడిగేది ఒక్కటే: ఆ గోలు ఉన్నట్టా, లేనట్టా? మీరూ అదే అడగబోతున్నారు, నాకు తెలుసు.

ఆడపిల్ల. సుఖంగా పుట్టింది, మా అమ్మ చేతుల్లో. ముందు అది చెప్పండి. గోలు సంగతి తర్వాత.